మూర్ఛవ్యాధి : చూచినవారి సాక్ష్యం

2022వ సంవత్సరం జూన్ నెల. రుసుము చెల్లించడానికి కళాశాల కార్యాలయం ముందు మేమందరం బారులు తీరి నిలబడిన రోజు. తొలకరి జాడ ఇంకా లేదు, ఎండ మాత్రం నడినెత్తిన ఉన్నది. మా సహాధ్యాయి ఒకడు ఉదయం ఏమీ తినకుండా వచ్చి, రెండు గంటలు నిలబడి, తీరా కిటికీ దగ్గరకు చేరుకునేసరికి కుప్పగూలిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. "మిర్గీ, మిర్గీ" అని ఒకరు, "ఫిట్స్ వచ్చినై" అని మరొకరు కేకలు వేశారు. ఎవరి జేబులోనుంచో తాళంచెవుల గుత్తి వచ్చి అతని పిడికిట్లో చేరింది. ఎవరి కాలి చెప్పో అతని ముక్కు దగ్గరకు చేరింది. నాలుక కొరుక్కుంటాడేమోనన్న భయంతో మాలో ఒకరు క్యాంటీను నుంచి స్టీలు చెంచా తెచ్చి నోటిలోకి దూర్చగా ముందుపన్ను కొన విరిగింది. ఆ విరిగిన పన్ను అతడు నవ్వినప్పుడల్లా నేటికీ మాకు కనిపిస్తూనే ఉన్నది.

ఆసుపత్రిలో ఆనాడు పనిమీదనున్న యువ వైద్యుడు మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగాడు. పడిపోకముందు ఏమన్నాడు? ఎంతసేపు కొట్టుకున్నాడు? లేచిన తరువాత మిమ్మల్ని గుర్తుపట్టాడా? చూచినవారం నలభైమందిమి. ఒకరు పది నిమిషాలన్నారు, ఒకరు అర నిమిషమన్నారు. నురగ వచ్చిందని కొందరు, రాలేదని కొందరు. మొదటి ప్రశ్నకు మాత్రం ఎవరి వద్దా జవాబు లేదు. వైద్యుడు కాసేపు మా ముఖాలు చూచి, కాగితం మీద 'ఫిట్స్' అని వ్రాశాడు. ఆ తరువాత మెదడు విద్యుత్తరంగాల పరీక్ష జరిగింది, దోషమేమీ కనిపించలేదు. స్కాన్ తీశారు; అదీ బాగానే ఉన్నది. అయినా మాత్రలు మొదలైనాయి. ఫెనిటాయిన్ మాత్రలు, రోజూ రాత్రి.

పద్దెనిమిది నెలలు అతడు ఆ మాత్రలు మింగాడు. చిగుళ్లు వాచాయి. నడకలో తూలు వచ్చింది. ఎన్.సి.సి. నుంచి తప్పించారు. అప్పటిదాకా అతడుంటున్న ఒక వసతిగృహం వారు "బాధ్యత మాది కాదు" అంటూ తండ్రిని పిలిపించి సామాను ఇచ్చి పంపించారు. అన్నిటికంటె బాధాకరమైనది, అతని అక్కకు కుదరబోయిన సంబంధం "వాళ్లింట్లో మిర్గీ ఉన్నదట" అన్న ఒక్క మాటతో వెనక్కి పోవడం. 2024లో మరొక వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఆయన మాత్రల సంగతి పక్కకు పెట్టి, "ఆనాడు చూచినవారిని తీసుకురా" అన్నారు. ముగ్గురం వెళ్లాం. తీరిగ్గా కూర్చోబెట్టి అడగగా, ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చింది. వరుసలో అతని వెనుక నిలబడినవాడు, "కళ్లు బైర్లు కమ్ముతున్నాయిరా, చెవుల్లో హోరుమంటున్నది" అని అతడు రెండుసార్లు అనడం విన్నాడు. ముఖం పాలిపోయి చెమటలు పట్టడం ఇంకొకరు చూచారు. నేల మీద పడుకోబెట్టిన కొద్ది క్షణాలకే కళ్లు తెరిచి, "నా ఫీజు డబ్బులేవి?" అని అతడడిగిన సంగతి మా ముగ్గురికీ తెలుసు. అడిగినవారు లేక ఇన్నాళ్లూ చెప్పలేదు. గుండె విద్యుత్పరీక్ష తీయించి, అందులో దోషం లేదని రూఢి చేసుకొని, ఇది మూర్ఛవ్యాధి కాదనీ, ఆకలీ ఎండా నిలబడడం కలిసి రక్తపుపోటు పడిపోయి సొమ్మసిల్లడమనీ ఆయన నిర్ణయించారు. మాత్రలు ఒక్కసారిగా గాక, క్రమక్రమంగా తగ్గించి మాన్పించారు.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ మూడు ప్రశ్నలను గురించే. మూర్ఛవ్యాధి నిర్ణయం యంత్రాలవల్ల జరుగుతుందని చదువుకున్నవారు సైతం నమ్ముతున్నారు. అది పొరపాటు. వైద్యుడు మూర్ఛను కళ్లారా చూచే సందర్భం అరుదు. వచ్చి పోయిన దానిని గురించి రోగికి తెలియదు, ఎందుకంటే ఆ సమయంలో అతనికి స్పృహ లేదు. ఇక మిగిలినది చూచినవారు. తల్లి, తమ్ముడు, బెంచీ మీద పక్కన కూర్చున్న స్నేహితుడు, బస్సులో ఎదుటి సీటులోని అపరిచితుడు. వీరి సాక్ష్యం సరిగా లేనప్పుడు తీర్పు తప్పడంలో ఆశ్చర్యమేమున్నది?

ఈ గందరగోళంలో మన భాషకు కూడ కొంత పాలు ఉన్నది. తెలుగులో మూర్ఛ అన్న మాటను మనం రెండు వేరు వేరు స్థితులకు వాడుతున్నాము. నాటకంలో దుర్వార్త విన్న రాణి 'మూర్ఛపోవును'. చెలికత్తెలు పన్నీరు చల్లగా తేరుకొనును. వీధిలో కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయినవానికి వచ్చినదీ 'మూర్ఛే'. ఉర్దూలో ఈ చిక్కు తక్కువ. మొదటిది గష్, రెండవది మిర్గీ. రెండు భాషలూ ఒకే వరండాలో వినిపించే మా కళాశాలలో ఆనాడు ఎవరైనా 'గష్ ఆయా' అని అన్నట్లయితే కథ వేరుగా నడిచేదేమో! కాని ఎవరూ అనలేదు, ఎందుకంటే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం చూచాం గదా. కొట్టుకుంటే అది మిర్గీయే అని మా అందరి నిశ్చయం.

ఆ నిశ్చయం సరియైనది కాదని 1994లోనే జర్మనీ వైద్యులు చూపించారు. ఆరోగ్యవంతులైన యువతీయువకులను, వారి అనుమతితోనే, కొద్ది క్షణాలపాటు సొమ్మసిల్లజేసి చలనచిత్రం తీశారు. పూర్తిగా స్పృహ తప్పి పడిపోయిన 42 మందిలో నూటికి 90 మందికి అవయవాలు అదిరాయి. మెదడుకు రక్తం చాలనప్పుడు ఎవరికైనా అలా జరుగుతుంది. తేడా వేరేచోట ఉన్నది. సొమ్మసిల్లినవాడు సాధారణంగా కొన్ని క్షణాలలోనే తేరుకుంటాడు, తేరుకోగానే మనుషులను గుర్తుపడతాడు. మూర్ఛవ్యాధిలో పెద్దమూర్ఛ ఒకటి రెండు నిమిషాలు సాగి, ఆ తరువాత చాలాసేపు మనిషి అయోమయంలో ఉంటాడు, ఒళ్లునొప్పులుంటాయి, నాలుక పక్కభాగం తెగి ఉండవచ్చు. ఈ సంగతులు చెప్పగలిగినవారు చూచినవారే. అయితే సొమ్మసిల్లడం అన్నివేళలా తేలికైనదని కూడ అనుకోరాదు. పరుగెత్తుతూనో, ఈదుతూనో, ఉలిక్కిపడినప్పుడో పడిపోయే పిల్లలలో కొందరికి గుండెలయలో పుట్టుకతో వచ్చిన దోషముంటుంది. వారికి ఏళ్లతరబడి మూర్ఛమాత్రలు ఇవ్వడమంటే అసలు ప్రమాదాన్ని ఇంట్లోనే దాచి ఉంచడం. ఖర్చు తక్కువైన గుండె విద్యుత్పరీక్ష మొదటిసారి పడిపోయిన ప్రతివారికీ చేయించాలని పెద్ద వైద్యులు చెప్పేది ఇందుకే.

ఇక యంత్రం మాట. 1924లో యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు మనిషి మెదడులోని విద్యుత్తరంగాలను మొదటిసారిగా నమోదు చేసి, 1929లో లోకానికి ప్రకటించాడు. మహత్తరమైన ఆవిష్కరణ, సందేహం లేదు. కాని మనం ఇ.ఇ.జి. తీయించుకునేది అర్ధగంటసేపు. ఆ అర్ధగంటలో మెదడు ప్రశాంతంగా ఉన్నట్లయితే కాగితం కూడ ప్రశాంతంగానే ఉంటుంది. నిజంగా మూర్ఛవ్యాధి ఉన్నవారిలో సుమారు సగం మందికి మొదటి పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చును. నిద్ర లేకుండా ఉంచి తిరిగి తీస్తే కొందరిలో కనబడుతుంది. దీనికి విరుద్ధంగా, ఏ జబ్బూ లేని కొందరిలో వంకరతరంగాలు కనబడడం, వాటిని ఆత్రంగా చదివి జబ్బు అంటగట్టడం కూడ జరుగుతున్నది. యంత్రం తప్పు చెప్పదు. అడగనిదానికి జవాబు చెప్పదు, అంతే. ఎవరి ఇ.ఇ.జి.యో చూచి "మామూలుగా ఉన్నది, ఇక జబ్బు లేదు" అని మాత్రలు మానివేసిన ఇళ్లు మాకు తెలుసు. "మామూలుగా లేదు, కాబట్టి జీవితమంతా మాత్రలే" అని కుంగిపోయిన ఇళ్లూ తెలుసు. రెండూ తొందరపాట్లే.

ఒక్కసారి పడిపోయినంతమాత్రాన మూర్ఛవ్యాధి అనడం కూడ సరికాదు. ఏ ప్రత్యేక కారణమూ లేకుండా, ఇరవైనాలుగు గంటలకు మించిన ఎడంతో రెండుసార్లు వచ్చినప్పుడు, లేదా ఒక్కసారి వచ్చినా మళ్లీ వచ్చే అవకాశం హెచ్చుగా ఉన్నదని తేలినప్పుడు ఆ పేరు పెట్టాలని అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నివారణ సంఘం 2014లో నిర్వచించింది. తీవ్రజ్వరంతో చిన్నపిల్లలకు వచ్చేది, చక్కెర పడిపోయినప్పుడో, రక్తంలో ఉప్పు తగ్గినప్పుడో వచ్చేది వేరు.

ఇంతవరకు లేని జబ్బును ఉన్నదనడం చెప్పాము. ఉన్న జబ్బును లేదనడం అంతకంటె ఎక్కువగా జరుగుతున్నది. మాలో ఒకరి చెల్లెలికి పన్నెండవ ఏట నుంచి ఒక వింత స్థితి కలిగేది. కడుపులోనుంచి ఏదో పైకి ఎగదన్నినట్లనిపించేది. అంతలోనే చూపు ఒకచోట నిలిచిపోయేది. పెదవులు చప్పరిస్తూ, ఓణీ కొసను వేళ్లతో నలుపుతూ ఒకటి రెండు నిమిషాలు కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. తేరుకున్న తరువాత ఎక్కడున్నదీ తెలియక వెతుక్కునేది. పాఠశాలలో ఉపాధ్యాయురాలు "పగటికలలు" అన్నారు. ఇంట్లో 'ఆసేబ్' అన్నారు. పొరుగింటి పెద్దమ్మ 'గాలి సోకింది' అన్నది. తావీజులు కట్టారు, దర్గాల చుట్టూ తిప్పారు. కింద పడదు, నురగ రాదు, కాబట్టి మిర్గీ అన్న అనుమానం ఎవరికీ కలుగలేదు. అయిదు సంవత్సరాలు గడిచాయి. ఒకనాడు అన్న తన సెల్ ఫోనులో ఆ రెండు నిమిషాలూ చిత్రం తీసి వైద్యునికి చూపించాడు. చిత్రం పూర్తికాకముందే ఆయన "ఇది మెదడులో కణత దగ్గరి భాగంలో పుట్టే మూర్ఛ" అన్నారట. పేరు దొరికిన తరువాత మందు దొరకడం ఎంతసేపు? ఆమె ఇప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది.

దర్గాకు వెళ్లినవారిని ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. బాధలో ఉన్న తల్లికి అక్కడ దొరికే ఊరట అబద్ధం కాదు. తావీజు కట్టుకున్న చేతితోనే మాత్ర కూడ వేసుకోవచ్చునని మాత్రం మనవి చేస్తున్నాము. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ పేరుతో వచ్చిన 'పవిత్రవ్యాధి' గ్రంథం, క్రీస్తుకు పూర్వం సుమారు 400 సంవత్సరాలనాటిది, ఈ జబ్బులో దైవికమేమీ లేదు, ఇది మెదడుకు సంబంధించినదని వాదించింది. చరకసంహిత దీనిని అపస్మారమన్నది, అనగా స్మృతి తొలగిపోవడం. యూనానీ వైద్యానికి మూలస్తంభమైన ఇబ్న్ సీనా 'సరా' పేరుతో దీనిని రోగాల సరసనే చర్చించాడు, జిన్నుల సరసన కాదు. పెద్దలు అంత పూర్వమే రోగమన్నదానిని మనం మళ్లీ దయ్యమనడం వారికి గౌరవం కాదు గదా.

ఇప్పుడు అన్నిటికంటె సున్నితమైన విషయానికి వస్తున్నాము. కొందరికి అచ్చం మూర్ఛవలెనే వస్తుంది, కాని మెదడు విద్యుత్తులో ఏ మార్పూ ఉండదు. మనసులో పేరుకున్న ఒత్తిడి, చెప్పుకోలేని దుఃఖం, వెనుకటి దెబ్బ శరీరం ద్వారా బయటపడుతుంది. మందులకు లొంగడంలేదని పెద్ద కేంద్రాలకు పంపిన రోగులలో నూటికి ఇరవై నుంచి ముప్ఫైమంది ఇట్టివారని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. సాధారణంగా వీరి కళ్లు మూసుకొని ఉంటాయి, మూర్ఛవ్యాధిలో తెరిచి ఉంటాయి. కదలికలు ఆగి ఆగి, చాలాసేపు సాగుతాయి. ఏ ఒక్క గుర్తుతోనూ తీర్పు చెప్పకూడదు. చలనచిత్రంతో కలిపి గంటల తరబడి తీసే ఇ.ఇ.జి.యే ఇక్కడ నిర్ణాయకం. ఇట్టివారికి మూర్ఛమాత్రలు ఎన్ని ఇచ్చినా ప్రయోజనం లేదు. మోతాదు పెంచుకుంటూ పోతే అదే ఒక జబ్బు అవుతుంది. వారికి కావలసినది వినే మనిషి, మానసిక చికిత్స. మనవద్ద జరుగుతున్నదేమంటే, "నటిస్తున్నది" అన్న తీర్పు. పరీక్షలముందు పడిపోయే అమ్మాయిని, అత్తవారింట పడిపోయే కోడలిని ఆ మాటతో కొట్టడం మేము చూచాము. అది నటన కాదు. ఆమె వశంలో లేనిది నటన ఎట్లా అవుతుంది? పైగా కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. నిజమైన మూర్ఛా ఉంటుంది, ఇదీ ఉంటుంది. అట్టివారిని చక్కదిద్దడం నిపుణులకే కష్టం. మన నోటిమాటకు అక్కడ చోటు లేదు.

కారణాన్ని వెతకడంలో మన దేశపు వైద్యులు నడిచిన దారి ఒకటి తెలుసుకోదగినది. సి.టి. స్కాన్ యంత్రాలు వచ్చిన తరువాత, మూర్ఛతో వచ్చిన భారతీయ రోగుల మెదడులో చిన్న ఉంగరంవంటి మచ్చ ఒకటి తరచుగా కనబడసాగింది. మనదేశంలో క్షయ ఎక్కువ గనుక దానిని క్షయగడ్డ అనుకున్నారు. నెలల తరబడి క్షయమందులు వాడించారు. మచ్చ మాయమయ్యేది, మందు పనిచేసిందని సంతోషించేవారు. కాని మందు వాడనివారిలో కూడ మచ్చ మాయమవుతున్నదే! వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో వేదాంతం రాజశేఖర్, మాథ్యూ చాందీ మొదలైన శస్త్రవైద్యులు ఆ మచ్చలను తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించగా, చాలావాటిలో ఉన్నది క్షయ కాదు, బద్దెపురుగు పిల్లదశ చచ్చిపోతూ మిగిల్చిన గడ్డ. ఇరవై మిల్లీమీటర్లకు లోపు ఉండి, మెదడును పక్కకు నెట్టకుండా ఉన్న ఒంటరి మచ్చను ఎట్లా గుర్తించాలో 1993లో వారు ప్రకటించారు. ఎంతమంది అనవసరపు క్షయమందులనుంచి బయటపడ్డారో ఊహించుకోవచ్చును.

బద్దెపురుగు అనగానే మా ఇళ్లలో వినిపించే మాట ఒకటున్నది: "మేము ఆ మాంసం ముట్టము, మాకు ఎందుకు వస్తుంది?" శాకాహారులైన మిత్రుల ఇళ్లలోనూ ఇదే మాట. పందిమాంసం సరిగా ఉడకకుండా తిన్నవారికి పేగులో పురుగు చేరుతుంది, నిజమే. కాని మెదడులోకి చేరేది ఆ పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లవల్ల. అవి కడగని కూరగాయలమీదుగా, నీటిమీదుగా, వంటచేసేవారి చేతులమీదుగా ఎవరి నోటికైనా చేరగలవు. న్యూయార్కులో పందిమాంసాన్ని పూర్తిగా నిషేధించుకున్న సనాతన యూదుల కుటుంబాలలో ఈ జబ్బు బయటపడగా, ఇళ్లలో వంటపని చేసేవారినుంచి సోకి ఉండవచ్చునని 1992లో ప్రకటించిన పరిశీలనలో తేలింది. హలాల్ పాటించినా, శాకాహారం పాటించినా, చేతులూ కొత్తిమీరా కడగక తప్పదు.

చికిత్స విషయంలో కొంత ఆశ, కొంత చికాకు కలిసి ఉన్నాయి. ప్రపంచంలో సుమారు అయిదు కోట్లమందికి ఈ వ్యాధి ఉన్నదనీ, సరిగా గుర్తించి మందు ఇస్తే వారిలో నూటికి డెబ్బైమంది దాకా మూర్ఛలు లేకుండా జీవించగలరనీ ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. గ్లాస్గో వైద్యులు 2000లో ప్రకటించిన లెక్కప్రకారం, కొత్తగా చికిత్స మొదలుపెట్టినవారిలో నూటికి 47 మందికి మొదటి మందుతోనే మూర్ఛలు ఆగిపోయాయి, మరి 13 మందికి రెండవ మందుతో. ఆపైన మందులు మార్చినకొద్దీ ఫలితం బాగా తగ్గిపోయింది. రెండు మందులు సరిగా వాడినా లొంగనివారిని మూడవ, నాలుగవ, అయిదవ మందుతో ఏళ్లతరబడి తిప్పడంకంటె, పెద్ద కేంద్రానికి పంపడం న్యాయం. అక్కడ మొదట అడిగే ప్రశ్న, అసలు ఇది మూర్ఛేనా అన్నది. నిజంగా మూర్ఛే అయి, మెదడులో ఒకేచోట పుడుతున్నదని తేలితే శస్త్రచికిత్స ఉన్నది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో 1995నుంచి ఈ శస్త్రచికిత్స క్రమబద్ధంగా జరుగుతున్నది, హైదరాబాదులోనూ చేస్తున్నారు. "తల కోస్తారట" అన్న భయంతో తగినవారు వెళ్లడం లేదు.

మందు సరియైనదా అన్నది మరొక ప్రశ్న. ఇది ముఖ్యంగా మా వయసువారికి సంబంధించినది. పరీక్షలముందు రాత్రంతా మేలుకొని చదివి, తెల్లవారి టీ తాగుతుండగా చేయి ఒక్కసారి ఉలిక్కిపడి గ్లాసు జారిపోతుంది. చేతగానితనమని నవ్వుకుంటారు. ఎప్పుడో ఒక ఉదయం పెద్దమూర్ఛ వస్తుంది. వైద్యునికి పెద్దమూర్ఛ సంగతి చెబుతారు, గ్లాసు సంగతి చెప్పరు. కౌమారంలో మొదలయ్యే ఈ రకపు మూర్ఛకు కార్బమజెపిన్ వంటి మందు ఇస్తే ఉదయపు ఉలికిపాట్లు పెరగవచ్చును. వాల్ప్రోయేట్ బాగా పనిచేస్తుంది. కాని గర్భిణి వాడినట్లయితే పదిమంది శిశువులలో సుమారు ఒకరికి అవయవలోపం కలుగవచ్చును. బిడ్డ బుద్ధివికాసానికీ హాని ఉన్నది. కాబట్టి అమ్మాయిలకు వేరే మందు చూడవలసి ఉంటుంది, అది అంతబాగా పనిచేయకపోవచ్చు. ఇక్కడ తేలికైన జవాబు లేదు. వైద్యుడూ, అమ్మాయీ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. మనవద్ద ఆ సంభాషణలో అమ్మాయి ఉండదు. వైద్యుడూ, తండ్రీ మాట్లాడుకుంటారు.

పెళ్లి దగ్గర ఈ దాపరికం ప్రాణంమీదికి వస్తున్నది. జబ్బు దాచి పెళ్లి చేయడం, అత్తవారింట మాత్ర మింగడానికి చోటులేక మానివేయడం, మానివేసిన వారంలో పొయ్యిదగ్గర పడిపోవడం, ఇట్టి ఉదంతాలు మా ఊళ్లలోనే ఉన్నాయి. మందు ఒక్కసారిగా మానడం ఎంత ప్రమాదమో, ఆగకుండా మూర్ఛలు వచ్చి మనిషి పోయేదాకా కుటుంబాలకు తెలియడంలేదు. హిందూ వివాహచట్టంలోనూ, ప్రత్యేక వివాహచట్టంలోనూ మూర్ఛవ్యాధిని వివాహానికి అడ్డంకిగా చెప్పిన మాటలను 1999లో సవరించి తొలగించారు. చట్టం తొలగించినదానిని పెళ్లిచూపుల గదిలో మనం ఇంకా అమలుచేస్తున్నాము.

రంజాన్ మాట కూడ ఇక్కడే చెప్పాలి. రోజా పాటించే రోగులు పగటిమాత్ర మానివేయడం, సహరీకోసం నిద్ర చెడడం రెండూ కలిసి మూర్ఛను పిలుస్తాయి. నెల ముందుగా వైద్యునితో చెప్పినట్లయితే ఇఫ్తారు, సహరీ వేళలకు సరిపడే మందుగా మార్చడానికి చాలామంది విషయంలో వీలున్నది. వీలులేనివారికి, రోగికి రోజానుంచి మినహాయింపు షరీయతులోనే ఉన్నది. ఆ మినహాయింపును వాడుకున్నవారిని తక్కువగా చూచే అధికారం మనలో ఎవరికీ లేదు.

ఇక చూచినవారు చేయవలసినదేమిటి? కంగారుపడకుండా గడియారం చూడాలి. తలకింద మెత్తనిది పెట్టి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకు ఒత్తిగిల్లజేయాలి. నోట్లో చెంచాగాని, నీళ్లుగాని, వేలుగాని పెట్టరాదు. తాళంచెవులవల్ల ప్రయోజనం లేదు, ఉల్లిపాయవల్లా లేదు. గట్టిగా అదిమిపట్టరాదు. అయిదు నిమిషాలు దాటినా, తేరుకోకముందే మళ్లీ వచ్చినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. మిగిలినవారిలో ఒకరు ముందు ఏమన్నాడు, ముఖం ఏ రంగులో ఉన్నది, కళ్లు తెరిచి ఉన్నవా మూసి ఉన్నవా, ఏ చేయి మొదట కదిలింది, తల ఎటు తిరిగింది, లేచి ఏమన్నాడు గుర్తుపెట్టుకోవాలి. ఇంటివారి అనుమతి ఉంటే ఫోనులో చిత్రం తీయాలి. ఆ చిత్రం వైద్యునికే చేరాలిగాని తరగతి వాట్సాప్ గుంపుకు కాదు. ఈ చివరిమాట అనుభవంతో చెబుతున్నాము.

ఈ ఏడాది మేము కొందరం కలిసి ఈ సంగతులనే ఒక కాగితంమీద రెండు భాషలలో వ్రాసి ప్రిన్సిపాలుగారి అనుమతితో కార్యాలయం కిటికీ పక్కన అంటించాము. వ్రాసేటప్పుడు పైన ఏ పేరు పెట్టాలన్నదానిమీద మాలో మాకు వాదన వచ్చింది. 'మిర్గీ' అంటే ఇంటివారు నొచ్చుకుంటారు, 'ఫిట్స్' అని ఇంగ్లీషులోనే ఉంచుదామన్నవారున్నారు. ఆ చెల్లెలిని అడిగి రమ్మని ఆమె అన్ననే పంపించాము. "నాకున్నదానికి పేరున్నది, ఆ పేరే వ్రాయండి" అన్నదట. ఉర్దూలో మిర్గీ అనే వ్రాశాము, తెలుగులో మూర్ఛవ్యాధి అని. కింద, చెంచా పెట్టరాదన్న వాక్యం కింద, పన్ను విరిగిన మిత్రుడు తానే ఎర్రసిరాతో గీత గీశాడు.